ద్రాక్ష పందిళ్ళ కింద పాలతల్లి ఇంటికి

సౌదీ నుంచి వచ్చిన కొత్తలో మా వాడకట్టు ఆడవాళ్ళంతా నా మంచం చుట్టూ చేరి ఒకటే అడిగేవాళ్ళు, "అన్నేండ్లు ఉంటివి, ఏమేం చూస్తివే?" అని. ఒంటెలు చూశానంటే తలలూపారు. బంగారం దుకాణాలు చూశానంటే ఇంకాస్త దగ్గరికి జరిగారు. ద్రాక్షతోటలు చూశాను, వాటి కింద సైకిల్ తొక్కుకుంటూ తిరిగాను అంటే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. మా పెద్దమ్మ అయితే జ్వరం గాని వచ్చిందేమోనని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. అప్పటికీ నమ్మకపోతే మా బిడ్డ సిరిని అడగండి, అది నాకంటే బాగా తొక్కింది.

మేమున్నది యాన్బులో. ఎర్ర సముద్రం ఒడ్డున రిఫైనరీల ఊరు అది. మా ఆయన రాజేశం అక్కడొక ప్లాంటులో టెక్నీషియన్. సిరి అక్కడే పుట్టింది, అక్కడే ఎనిమిదో తరగతికొచ్చింది. హాయిగా ఉన్నామనుకునేలోపు నితాకత్ అన్నారు. సౌదీ వాళ్ళను సరిపడా పెట్టుకోని కంపెనీలకు పసుపు రంగు, అసలే పెట్టుకోనివాటికి ఎరుపు. మా కంపెనీ ఈరోజు ఏ రంగులో ఉందోనని మా ఆయన పొద్దున లేస్తూనే వానమబ్బు చూసినట్టు ఫోన్ చూసుకునేవాడు. దాని వెనకే లెవీ వచ్చింది. భార్యాబిడ్డలను దగ్గర పెట్టుకున్నవాడు తలకింత అని కట్టాలి, ఏటేటా అది పెరుగుతుంది. మొదటి ఏడాది పళ్ళు బిగబట్టి కట్టాం. రెండో ఏడాదికి మా బిల్డింగులో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఇక తిరిగిరాకుండా పోయే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర నాకూ సిరికీ కొట్టించాడు మా ఆయన. తను మాత్రం అక్కడే ఉండి బ్యాచిలర్ల క్యాంపుకు మారతాడు.

ఆ రోజునుంచి సిరి మాతో మాటలు మానేసింది. ఏదడిగినా ఒకటే జవాబు.

"నాకు అక్కడ ఎవరున్నరు?"

మామ ఉన్నాడు, పెద్దమ్మ ఉంది, ఇంతమంది చుట్టాలున్నారు అని నేను వేళ్ళు మడుస్తుంటే, "వాళ్ళు నీ వాళ్ళు మమ్మీ, నా వాళ్ళు కాదు" అనేది. రెండేళ్ళకోసారి చుట్టంలా పోయి వచ్చే పిల్ల. తప్పేముంది?

సౌదీలో సిరికి ఎవరున్నారో కూడా చెప్పాలి. స్నేహితులు సరే, ఉమ్ సలీం ఉంది. ఉమ్ సలీం అంటే సలీం తల్లి. అక్కడ ఆడవాళ్ళను పెద్దబిడ్డ పేరుతోనే పిలుస్తారు, నన్ను ఉమ్ సిరీన్ అనేది. మా పక్క ఫ్లాటులో ఉండేవాళ్ళు. సిరి పుట్టిన కొన్నాళ్ళకే నా రొమ్ములకు గడ్డలు లేచి, జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాను. ఉమ్ సలీం ఒళ్ళో అప్పటికి రీమ్ అని పసిపిల్ల ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తానే వచ్చి సిరిని ఎత్తుకుపోయింది. నేను మళ్ళీ మనిషినయ్యేదాకా రీమ్‌కు ఒక పక్క, సిరికి ఒక పక్క పాలిచ్చింది. తరువాత కొన్నేళ్ళకు ఆమె భర్త ఉద్యోగం చాలించుకున్నాక వాళ్ళంతా తాయిఫ్‌కు దక్షిణాన కొండల్లో ఉన్న సొంత లోయకు, ద్రాక్షతోటకు వెళ్ళిపోయారు. ఆయన అక్కడే పోయాడు. సిరికి ఆమె ముఖం సరిగ్గా గుర్తు కూడా లేదు.

ఎగ్జిట్ సంగతి ఫోన్లో చెప్పగానే ఉమ్ సలీం ఒక్కటే మాట అంది.

"పిల్లను నాకు చూపించకుండా విమానమెక్కితే నేను నిన్ను మాఫ్ చెయ్యను."

సిరిని అడిగితే రానంది. చివరికి వాళ్ళ నాన్న ఒక ఉపాయం వేశాడు. లోయలోకి కార్లు పోవట, సలీం చెప్పాడు, సైకిళ్ళు అయితే పోతాయట. యాన్బు సముద్రపొడ్డున తొక్కడానికి కొన్న మూడు సైకిళ్ళున్నాయి. ఎలాగూ అమ్మేయాల్సినవే, అమ్మేముందు ఒక్కసారి తొక్కుదామా అన్నాడు. సిరి ముఖం గోడవైపు తిప్పుకునే, "సైకిల్ కోసం వస్త. ఇంక దేనికోసం కాదు" అంది.

మక్కా పక్కనుంచి

మమ్మల్నీ సైకిళ్ళనూ తన పికప్‌లో కొండలదాకా దింపడానికి గుల్‌ఖాన్ ఒప్పుకున్నాడు. మా ఆయన ప్లాంటుకు మనుషులను తీసుకుపోయే పెషావర్ డ్రైవరు. ఆరడుగుల మనిషి, ఎవరితో మాట్లాడినా బతిమాలుతున్నట్టే మాట్లాడతాడు.

జెద్దా దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. తిన్నగా పోతే మక్కా. ముస్లింలు కానివాళ్ళు ఇటు తిరగాలని పెద్ద బోర్డు ఉంటుంది, చుట్టూ తిరిగిపోయే రోడ్డు అది. గుల్‌ఖాన్ ఒక్కడైతే తిన్నగా పోయి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి అవతల తేలేవాడే. మాతో పాటు చుట్టు దారి పట్టాడు. నాకు మనసు ఊరుకోక, మావల్ల నీ పుణ్యం పోయింది భాయ్ అన్నాను.

"కాబా కహీఁ భాగ్ రహా హై క్యా, భాభీ? బచ్చీ కో ఛోడ్‌కే కైసే జాఊఁ?" కాబా ఎక్కడికి పారిపోతుంది వదినా, పిల్లను వదిలి ఎట్లా పోను అన్నాడు.

ఘాటు రోడ్డు మొదలయ్యాక గాలి మారింది. యాన్బులో ఆగస్టు అంటే పొయ్యిమీద పెనం. ఇక్కడ కిటికీ దించితే చల్లగా ముఖానికి తగిలింది. మలుపుల దగ్గర రోడ్డు పిట్టగోడ మీద కోతులు బారులు తీరి కూర్చున్నాయి, మెడకు జూలున్న పెద్ద కోతులు. టీ కోసం ఆపాం. నేను సర్వపిండి డబ్బా తీసి మూత తిప్పానో లేదో, ఒక పెద్ద కోతి నడుచుకుంటూ వచ్చి, తన డబ్బా తనకిచ్చినట్టే తీసుకుని పోయింది. తీరిగ్గా గోడమీద కూర్చుని ఒక్కో ముక్కా విరిచి తిన్నది. ఉల్లిఆకు మాత్రం ఏరి పారేసింది.

"సేమ్ డాడీ లెక్కనే" అంది సిరి. పదిహేను రోజుల తరువాత అది తనంతట తాను అన్న మొదటి మాట అదే. కోతి మీద నాకు కోపం పోయింది.

రాళ్ళు అడ్డం పెట్టిన బాట

పెద్ద రోడ్డు పక్కన ఒక యెమెన్ ముసలాయన ద్రాక్ష డబ్బాలు పేర్చుకుని అమ్ముతున్నాడు. గంపెడు డబ్బా ఇరవై రియాళ్ళు. బేరమాడదామని నేను నోరు తెరిచేలోపు, సిరి చేతిలో ఒక గుత్తి పెట్టి, ఇది లెక్కలోకి రాదు అని సైగ చేశాడు. లేత ఆకుపచ్చ పండ్లు, పల్చటి తోలు. మన ఊర్లో దొరికే గింజలేని ద్రాక్షలా నోట్లో నీళ్ళయిపోయే రకం కాదు. కొరికితే చిన్న పులుపు ముందొచ్చి, తీపి నిదానంగా వస్తుంది.

అక్కడే గుల్‌ఖాన్ సైకిళ్ళు దింపి, మూడోరోజు సాయంత్రం ఇదే చోట ఉంటానని చెప్పి వెళ్ళిపోయాడు.

బాట మొదట్లో మూడు బండరాళ్ళు అడ్డంగా పెట్టి ఉన్నాయి. మనిషి పడతాడు, గాడిద పడుతుంది, సైకిల్ పడుతుంది, కారు పట్టదు. సెలవుల్లో పట్నంవాళ్ళు కార్లేసుకుని వచ్చి, హారన్లు కొట్టి, మాంసం కాల్చుకుని, చెత్త పారేసి పోతుంటే విసిగి రైతులే పెట్టారట. ఎవరు పెట్టారో గాని వాళ్ళ చేతులకు మొక్కాలి. ఆ రాళ్ళు దాటగానే చప్పుడు ఆగిపోయింది. రెండు పక్కలా నడుమెత్తు రాతిగోడలు, గోడల వెనక మెట్లుమెట్లుగా తోటలు. కొన్నిచోట్ల పందిళ్ళు బాటమీదికే వచ్చాయి. ద్రాక్ష గుత్తులు తలకు తగులుతుంటే వంగి తొక్కాం. మన బీరపందిరి కింద పోయినట్టే, కాకపోతే పందిరి తెగదు, కిలోమీటర్లకు కిలోమీటర్లు అట్లాగే పోతుంది. ఎండ చిల్లులు చిల్లులుగా సిరి వీపు మీద పడి జారుతోంది.

నేను పదో తరగతి వరకు సైకిల్ మీదే బడికి పోయినదాన్ని. సౌదీలో అన్నేళ్ళూ నేను తొక్కింది చీకటిపడ్డాక సముద్రపొడ్డున, అదీ ఈమధ్యే. పట్టపగలు, ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా వేసుకుని, కొండల మధ్య సైకిల్ తొక్కుతానని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. ఎదురొచ్చిన ఒక ముసలి రైతు గాడిదను గోడవైపు జరిపి, మా ముఖాలు చూడకుండా కొండను చూస్తూ నిలబడి దారిచ్చాడు. మనదగ్గరైతే మూడు తరాలు అడిగాకే దారి వదిలేవాళ్ళు.

ఆ రాత్రికి ఒక తోటలో అద్దెకిచ్చే గది తీసుకున్నాం. రొట్టె, పెరుగు తెచ్చిన పనిమనిషి గుమ్మంలో మా మాటలు విని అట్లాగే నిలబడిపోయింది.

"తెలుగోళ్ళా? అయ్యో తల్లీ, యాడోళ్ళమ్మా మీరు?"

"జగిత్యాల దిక్కు. నువ్వు?"

"రాయచోటి పక్క పల్లె మాది. ఈ ఇంట్లోనే వంటపని. తెలుగు ఇని ఎన్ని దినాలైందో." పళ్ళెం కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది. ఎగ్జిట్ మీద పోతున్నామని చెప్తే ఆమె కళ్ళు పెద్దవైనాయి. "ఎంత అదృష్టమమ్మా మీది! నేను అడగబట్టి మూడేండ్లాయ. మా మేడం చెడ్డది కాదు, రంజాన్ ఐపోనీ అంటాది. రంజాన్ ఐనాక హజ్ ఐపోనీ అంటాది." అప్పుడు సిరి ముఖం చూసింది. "పాప ఎందుకట్లా ఉంది?"

"నాకు ఇండియాల ఎవరూ లేరు ఆంటీ" అంది సిరి.

"నాకు ఈడ ఎవరూ ల్యారు. మనిద్దరం మారిపోదామా? నువ్వు ఈడ రొట్టెలు చెయ్యి, నేను పోయి మీ అమ్మకు బిడ్డనవుతా."

సిరికి నవ్వాలో వద్దో తెలియలేదు.

అవతలి గట్టు

రెండోరోజు నా అబాయా గొలుసులో చిక్కుకుని, మూరెడు గుడ్డ చిరిగి, నేను ముళ్ళకంపలో పడ్డాను. మా ఆయన లేపడం మానేసి ముందు సైకిల్‌కు దెబ్బ తగిలిందా అని చూశాడు.

"జెర నన్ను గూడ చూడుండ్రి" అన్నాను.

"నువ్వు అమ్ముడుపోవు గదా. సైకిల్ అమ్మాలె" అన్నాడు.

పదిహేడేళ్ళ కాపురం మాది, ఇట్లాంటి మాటలతోనే గడిచింది. వారంలో ఈ మనిషిని క్యాంపులో వదిలిపోతాను, అప్పుడిట్లా ఎవరితో అంటాడు అనిపించి, గుచ్చుకున్న ముళ్ళు కాసేపు మరిచిపోయాను.

మధ్యాహ్నం దాటాక పైకొండల్లో ఉరుములు వినిపించాయి. మామీద చినుకైనా లేదు. సలీం చెప్పిన వాగు దగ్గరికి చేరేసరికి ఎండిన వాగు ఎర్రగా, గట్టంతా నిండి పారుతోంది. వాన అక్కడెక్కడో పడుతుంది, నీళ్ళు ఇక్కడికొస్తాయి. అవతలి గట్టున నల్లబట్టల్లో నిలబడ్డ మనిషిని చూడగానే నాకు తెలిసిపోయింది. కాస్త వంగింది, కర్ర పట్టుకుంది. కానీ చెయ్యి ఊపే తీరు అదే, పిండి దులిపినట్టు.

నీళ్ళ హోరులో మాట వినబడక, ఒకరినొకరు చూసుకుంటూనే ఫోన్లో మాట్లాడుకున్నాం. మా మాటలు నా వచ్చీరాని అరబ్బీలో నడుస్తాయి, ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

"ఏది, నా పిల్ల ఏది?"

"ఇదిగో, సైకిల్ వెనక."

సిరి నిజంగానే సైకిల్ వెనక నిలబడింది, తలెత్తలేదు. ఫోన్ చెవి దగ్గర పెడితే సలాం మాత్రం చెప్పింది. రేపు సాయంత్రానికి గుల్‌ఖాన్ వస్తాడు, ఎల్లుండి మా ఆయన డ్యూటీ, ఆ వారంలోనే మా విమానం. వాగు తగ్గకపోతే ఇంతే, ఇటునుంచి చూసి తిరిగిపోవడమే.

వాగుకు అడ్డంగా ఒక ఇనుప తీగ కట్టి ఉంది. దాని మీద కప్పీ, కప్పీకి వేలాడే తొట్టి. వరదొచ్చినప్పుడు ద్రాక్ష డబ్బాలు ఇవతలికి దాటించుకోవడానికి లోయవాళ్ళు కట్టుకున్నది. కాసేపటికి అవతలినుంచి సలీం ఆ తొట్టిని తోశాడు. ఊగుతూ, ఆగుతూ ఎర్రనీళ్ళ మీదుగా వచ్చింది. అందులో రెండు ద్రాక్ష గుత్తులు, వేడి రొట్టెలు, పన్నీటి గాజుసీసా ఒకటి. తాయిఫ్ గులాబీల పన్నీరు అమ్మే పాత సీసా అది, పైన గులాబీ బొమ్మ ఉంది. లోపల అప్పుడే పిండిన ద్రాక్షరసం.

"సీసా సిరీన్ ఒక్కదానికే" అంది ఫోన్లో ఉమ్ సలీం. "మిగిలింది మీరు తినండి."

సిరి ఆ సీసా మూతైనా తియ్యలేదు. తన సైకిల్ క్యారియర్‌కు రబ్బరుతాడుతో కట్టి, మళ్ళీ చక్రం చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి ఇవతలి గట్టున సలీంకు తెలిసిన రైతు ఇంట్లో పడుకున్నాం. నీళ్ళ హోరు వింటూ నేను మన దేవుళ్ళకందరికీ పేరుపేరునా మొక్కాను, ఆ దేశం వాళ్ళది కదా అని అల్లాకూ మొక్కాను.

ఐదుసార్లు

తెల్లారేసరికి నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి. సలీం దాటి వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, గడ్డం, ద్రాక్ష జిగురుతో నల్లబడ్డ వేళ్ళు. మా ఆయనను కౌగలించుకున్నాడు. నాకు నేలచూపులతోనే సలాం చెప్పాడు, అక్కడ పరాయి ఆడవాళ్ళను చూసి మాట్లాడరు. ఆ తరువాత తిన్నగా సిరి దగ్గరికి పోయి చెయ్యి చాపి, "ఉఖ్తీ" అన్నాడు. నా చెల్లీ అని. దాని చెయ్యి పట్టుకుని వాగు దాటించాడు. మా ఆయన తెల్లబోయాడు. అన్నేళ్ళ సౌదీలో ఒక అరబ్బు మగవాడు మన ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడం మేమెప్పుడూ చూడలేదు.

ఇంట్లో అడుగుపెట్టాక అర్థమైంది. మగవాళ్ళ గది వేరు, ఆడవాళ్ళ గది వేరు. నేను అటు పోకూడదు, మా ఆయన ఇటు రాకూడదు. మధ్య గుమ్మం దాటి రెండువైపులా తిరగగలిగింది ఇంట్లోవాళ్ళు కాక ఒక్క సిరే. గావా అనే అరబ్బీ కాఫీ కెటిలు పట్టుకుని అటు పోయి అన్నకు, తండ్రికి పోసి, ఇటు వచ్చి మాకు పోసింది. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ అతిథిగా చూడలేదు, గిన్నెలు కూడా ఎత్తించారు.

ఉమ్ సలీం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెవి తమ్మె పట్టి చూసింది, గోళ్ళు చూసింది, జడ విప్పి మళ్ళీ అల్లింది. ఆ పక్క రీమ్, ఈ పక్క సిరి, ఇద్దరూ ఒకే ఎత్తు. తినడానికి అసీదా పెట్టారు. గోధుమపిండితో కలియబెట్టిన ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, తేనె. అచ్చం మన సంకటే, కాకపోతే పచ్చిపులుసు ఉండాల్సినచోట తేనె ఉంది. నేను ఆ మాటంటే, మీ దేశంలో తేనె దొరకదా పాపం అని జాలిపడింది ఉమ్ సలీం.

తింటూ తింటూ సిరి ముద్ద పక్కన పెట్టి అరబ్బీలో అడిగేసింది. దాని అరబ్బీ నాకంటే నయం.

"ఖాలా, నేను వెళ్ళిపోతున్నాను. అక్కడ నాకు ఎవరూ లేరు. నేనేం చెయ్యాలి?"

ఉమ్ సలీం చేతికంటిన నెయ్యి తుడుచుకుంది.

"ఐదుసార్లు" అంది. "మా దగ్గర బిడ్డ ఒక ఆడదాని దగ్గర ఐదుసార్లు కడుపునిండా తాగితే, ఆమె తల్లి. ఆమె పిల్లలు అన్నలు, అక్కలు. సలీంకు నువ్వు చెల్లివి, వాడు నిన్ను పెళ్ళాడకూడదు, నీకు కష్టమొస్తే రాకుండా ఉండకూడదు. ఐదుసార్లు చాలు. నువ్వు ఎన్నిసార్లు తాగావో నేను లెక్కపెట్టలేదు, రీమ్‌కు మిగలనిచ్చేదానివి కాదు." రీమ్ నవ్వింది. "ఎగ్జిట్ ముద్ర పాస్‌పోర్టు మీద కొడతారు. దీనిమీద ఎవడు కొడతాడు?" అని తన గుండె మీద తట్టుకుంది. "నన్ను ఖాలా అనకు. యుమ్మా అను." ఖాలా అంటే పిన్ని, యుమ్మా అంటే అమ్మ.

పదిహేను రోజులుగా బిగబట్టుకున్న పిల్ల, ఆమె ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కన్నది నేనే, కానీ ఆ నిమిషంలో దాన్ని ఆమె దగ్గరనుంచి లాక్కోవాలని నాకు అనిపించలేదు. అసూయ లేదు. ఉన్నదల్లా కృతజ్ఞత, అది ఎంత ఉందో చెప్పడానికి నాకు ఏ భాషా సరిపోలేదు. ఊరికే ఆమె కాళ్ళు పట్టుకున్నాను. వాళ్ళ దగ్గర కాళ్ళు పట్టుకోకూడదు, ఆమె నా చెయ్యి మీద చిన్నగా కొట్టింది.

బయలుదేరేటప్పుడు గుమ్మం దగ్గర అడిగింది, "రసం తాగావా?"

"లేదు యుమ్మా. విమానంలో తాగుత. ఒక్కో గుక్క తాగుత."

ఉమ్ సలీం అది విని మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. నేను గీతకార్మికుడి కూతుర్ని. కల్లుకుండల మధ్య పెరిగినదాన్ని. నా బుర్ర ఆ క్షణాన ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

సీసా బుస

తిరుగుదారి అంతా దిగుడే. పెడల్ తొక్కే పనిలేదు. సిరి ముందు పోతోంది, పాటలాంటిదేదో పాడుకుంటోంది. బండరాళ్ళకు ఇంకాస్త దూరముందనగా ఆగి, "డాడీ, నా టైరుల గాలి పోతుంది. సప్పుడొస్తుంది" అంది.

మా ఆయన సైకిల్ తలకిందులు చేయబోయాడు. వెనక చక్రం నొక్కాడు, గట్టిగా ఉంది. ముందుది నొక్కాడు, అదీ గట్టిగానే ఉంది. బుస మాత్రం ఆగలేదు. నేను దగ్గరికి పోయాను. వాసన తగిలింది.

ఆ వాసన నాకు పుట్టిననాటినుంచి తెలుసు. పొద్దున్నే మా నాయిన భుజం మీద, మా ఇంటి వాకిట్లో, మా పుస్తకాల సంచుల్లో కూడా ఉండే వాసన. సీసా మూత సందులోంచి నురుగు చిన్నచిన్న బుడగలుగా బయటికి తన్నుకొస్తోంది. నిన్న పిండిన రసం, రెండు పూటల ఎండ, రాళ్ళబాట మీద కుదుపులు. కావాలని చేసినా అంత బాగా పులియదు.

"టైరు గాదు" అన్నాను. "ఇది పులిసింది."

మా ఆయన ముఖం తెల్లబడింది. పెద్దరోడ్డు మీద చెక్‌పోస్టు ఉంది, వచ్చేటప్పుడు ఆపి చూశారు. ఆ దేశంలో ద్రాక్షరసం పులిస్తే దాన్ని ఏమంటారో, దానితో దొరికితే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎగ్జిట్ కాగితం కాదు, జైలు కాగితం. గుల్‌ఖాన్ బండిలో దొరికితే ఆ పుణ్యాత్ముడు కూడా మాతోపాటే.

"పారబోయాలె బిడ్డా" అన్నాడు.

"నహీఁ! ఇది నాది. నాకిచ్చింది. నిన్ననే తాగేదుండె, నేనే తాగలే." సిరి సీసాను రెండు చేతులతో పొట్టకు హత్తుకుంది.

నేను దాన్ని తిట్టలేదు. రాతిగోడ మీద పక్కన కూర్చున్నాను. మా నాయిన పొద్దున దింపిన కల్లు సాయంత్రానికి ఎట్లా మారేదో, తియ్యటి నీరా కావాలంటే కుండకు లోపల సున్నం రుద్ది ఎట్లా కట్టేవాడో, అయినా సరే పొద్దెక్కితే ఎవరి మాటా వినదని చెప్పాను. ఆమె పంపింది మంచిదే, నువ్వు దాచుకున్నదీ మంచిదే, ఎండ దాని పని అది చేసింది అన్నాను. చివరికి సిరే మూత తిప్పింది. బుస్సుమని పొంగి దాని చేతులన్నీ తడిసినాయి. గోడ అవతల ఒక ముసలి ద్రాక్షతీగ మొదలు దగ్గర సీసాను నిదానంగా వంచింది.

నేను చిటికెనవేలు తడిచేసుకుని నాలుక మీద పెట్టుకున్నాను. మా ఆయన చూసి, చూడనట్టు కొండలవైపు తిరిగాడు. మా నాయిన పోయి ఆరేళ్ళయింది. పులుపు, తీపి, ముక్కులోకెక్కే ఘాటు, అంతా ఆయనే.

సీసాను నీళ్ళతో, ఇసుకతో కడిగి కడిగి వాసన లేకుండా చేశాం. గుల్‌ఖాన్ బండిలో చెక్‌పోస్టు చేరితే, కుర్ర పోలీసు మా ఇకామాలు, అంటే నివాస కార్డులు చూసి, వెనక సీట్లో ఖాళీ సీసా ఒళ్ళో పెట్టుకున్న సిరిని చూసి, ఎక్కడినుంచి వస్తున్నారని అడిగాడు.

"మా అమ్మ ఇంటినుంచి" అంది సిరి అరబ్బీలో.

అతను నావైపు చూశాడు. నేను అవునని తలూపాను. వెళ్ళమన్నాడు.

ఈతవనం

సైకిళ్ళు అమ్మేశాం. సీసాను మాత్రం సిరి తన బట్టల మధ్య చుట్టి తెచ్చుకుంది. మొదటి రెండు నెలలూ కష్టంగానే గడిచాయి. బడిలో దాని తెలుగు విని నవ్వారు, అది ఇంట్లో తలుపేసుకుంది. రాత్రి ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ళ నాన్న, పిల్ల తిన్నదా అనే ముందు అడిగేవాడు, ఆ తరువాతే నన్ను.

చలి మొదలయ్యాక ఈతచెట్లు గీతకొచ్చాయి. మా తమ్ముడు మా నాయిన వృత్తినే చేస్తాడు. ఒకరోజు సిరి తనంతట తానే వాడి దగ్గరికి పోయి, "మామా, సున్నం పెట్టిన కుండ నాకు చూపియ్యవా?" అని అడిగిందట. అప్పటినుంచి రోజూ పొద్దు పొడవకముందే పాత సైకిలొకటి తీసుకుని ఈతవనానికి పోతుంది. పొలాల మధ్య గట్టుబాట, అక్కడా కార్లు రావు. పన్నీటి సీసా నిండా నీరా పట్టించుకుని, అక్కడే చెట్టుకింద నిలబడి తాగి వస్తుంది. దాచుకోదు.

మొన్న నేనూ వెంట పోయాను. సిరి చెట్టుకింద నిలబడి ఉమ్ సలీంకు వీడియో కాల్ చేసింది. అక్కడ ఇంకా చీకటే, తెల్లవారుజాము ఫజ్ర్ నమాజుకు చాలా ముందే లేచి ఉంది. సీసాను చూసి గుర్తుపట్టింది.

"అందులో ఏముంది?"

దాన్ని అరబ్బీలో ఏమనాలో సిరికి తెలియలేదు. కాసేపు ఆలోచించి, "చెట్టు పాలు, యుమ్మా. మీ ఖర్జూరం చెట్టుకు చుట్టమే ఇది. పొద్దున్నే తాగాలి, ఎండెక్కితే పాడైపోతుంది" అంది. ఆ ఆఖరి ముక్క చెప్పేటప్పుడు నావైపు చూసి నవ్వింది.

"ఎన్నిసార్లు తాగావు?"

"రోజూ తాగుతున్న."

"కడుపునిండానా?"

"ఆఁ, కడుపునిండా."

ఫోన్లో ఆ ముసలి ముఖం వెలిగింది. చూపుడువేలు ఎత్తి, తగవు తీర్చే పెద్దమనిషిలా చెప్పింది.

"అయితే ఇంకేం కావాలే పిల్లా? ఐదు దాటింది. ఆ చెట్టు కూడా నీకు తల్లే. నాకు చూపించు, మా ఇద్దరికీ ఒకే బిడ్డ, మేం మాట్లాడుకోవాలి."

సిరి ఫోన్ చెట్టువైపు తిప్పింది. పైన మోకు వేసుకుని కుండ దింపుతున్న మా తమ్ముడు తననే చూపిస్తుందనుకుని అంత ఎత్తునుంచి చెయ్యి ఊపాడు. సిరి మాత్రం రెండో అరచేతిని ఆ గరుకు మానుకు ఆనించి, ఫోన్లో ఆమె సలాం చెప్పడం అయిపోయేదాకా తీయలేదు.